బెర్లిన్‌లో కొట్‌బుసర్ టోర్ దగ్గర ఇల్లు: ఉండమంటారా, మారమంటారా?

లాసన్స్‌బే:

నమస్తే అండి. మాది వైజాగ్, పోయిన అక్టోబర్‌లో బెర్లిన్ వచ్చాం. మా ఆయన ఆఫీసు మిట్టెలో, నేను ఎక్కువగా ఇంటి నుంచే పని చేస్తాను. మాకు దొరికిన ఇల్లు క్రాయ్జ్‌బర్గ్‌లో, కొట్‌బుసర్ టోర్ స్టేషన్‌కి బాగా దగ్గర. పాతకాలం బిల్డింగ్, రెండో అంతస్తు, వీధి వైపు రెండు పెద్ద గదులు, వెనక పెరడు వైపు వంటిల్లూ ఇంకో చిన్న గదీ.

గురువారం సాయంత్రం మొదలైందంటే ఆదివారం తెల్లారేదాకా నిద్ర ఉండదు. కింద బార్ ముందు నిలబడి మాట్లాడుకునేవాళ్ళ గొంతులు మంచం పక్కనే ఉన్నట్టు వినిపిస్తాయి. అదొక ఎత్తు. స్టేషన్ మెట్ల దగ్గర డ్రగ్స్ తీసుకునేవాళ్ళు గుంపుగా కూర్చుని ఉంటారు, ఎవరూ ఏమీ అనలేదు కానీ రాత్రి తొమ్మిది దాటాక ఒక్కదాన్నే దిగాలంటే గుండె దడదడలాడుతుంది. ఇదింకో ఎత్తు. ఆఫీసులో మనవాళ్ళు ఇల్లెక్కడ అని అడిగి, చెప్పగానే "అక్కడా?" అని మొహం అదోలా పెడతారు, ఊరి పడమటి చివర ష్పాండావ్ వైపు వచ్చేయండి అంటారు.

కానీ నాకు ఈ ఏరియా నచ్చింది అండి. గుమ్మం దిగితే కూరగాయలు, రొట్టెలు, మందుల షాపు, మూడు మెట్రో లైన్లు. మంగళవారం, శుక్రవారం కాలువ గట్టు మీద సంత. పొద్దున పదకొండింటికి వీధిలో నడుస్తుంటే పూర్ణా మార్కెట్‌లో తిరిగినంత హుషారుగా ఉంటుంది. ఎటొచ్చీ ఇక్కడ ఒక్క మనిషి కూడా తెలియదు. ఎదురింటివాళ్ళ మొహం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు.

ఏప్రిల్ 30న అత్తగారూ మామగారూ వస్తున్నారు, మూడు నెలలుంటారు. ఆవిడకి నిద్ర పలచన. ఇప్పుడు మారితే వాళ్ళొచ్చేలోపు కుదురుకోవాలి, ఉంటే ఈ ఇంటిని ఎలాగోలా మాకు తగ్గట్టు చేసుకోవాలి. ఇలాంటి చోట ఉన్నవాళ్ళు, ఉండి వెళ్ళిపోయినవాళ్ళు మీ అనుభవం చెప్పరా?

హన్మకొండ చౌరస్తా:

ఉండండి. నేను చాలా ఏళ్ళుగా ఒరానియన్‌స్ట్రాస (స్ట్రాస అంటే వీధి) పక్క సందులోనే ఉంటున్నా, ఈ ఏరియా మీద నాకున్న ప్రేమ కొద్దీ చెప్తున్నానేమో కానీ, ఆలోచించే చెప్తున్నా.

ముందు నిద్ర సంగతి చూడండి, నిద్ర సరిపోతే మిగతా భయాల్లో సగం పోతాయి. మీ మంచం వీధి వైపు పెద్ద గదిలో ఉందని అర్థమైంది. మన అలవాటు ప్రకారం పెద్ద గది పడకగది, చిన్నది స్టోరో ఆఫీసో. ఇక్కడి పాత బిల్డింగుల్లో ఆ లెక్క తిరగేయాలి. ఈ ఇళ్ళన్నీ వీధి వైపు ఒక వరస, దాని వెనక పెరడు, పెరడు చుట్టూ పక్క వరసలు, వెనక వరస అన్నట్టు కట్టారు. వీధిలో ఎంత గోల ఉన్నా పెరడు వైపు గదిలో పిట్ట కూత వినిపిస్తుంది. మంచాన్ని ఈ శనివారమే ఆ చిన్న గదిలోకి మార్చండి, గది ఇరుకైనా సరే. వీధి వైపు గది పగలు మీ ఆఫీసు.

తర్వాత కిటికీలు. మీవి రెండు పొరల చెక్క కిటికీలైతే (బయట ఒక రెక్క, జానెడు ఖాళీ, లోపల ఇంకో రెక్క) అవి నిజానికి శబ్దాన్ని బాగా ఆపుతాయి, రబ్బరు పట్టీ అరిగిపోతేనే ఆపవు. లోపలి రెక్క చుట్టూ చెయ్యి పెట్టి చూడండి, చల్లగాలి తగిలిందంటే శబ్దం కూడా అక్కడినుంచే వస్తోంది. పట్టీ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. చెక్క వంగిపోయి రెక్క సరిగ్గా పడకపోతే ఇంటి యజమానికి రాసి చేయించండి, అది వాళ్ళ పని. కానీ అన్నీ బిగించేసి గాలి ఆడకుండా పెట్టొద్దు. మన వంటల ఆవిరికి గోడకి బూజు పడుతుంది, రోజుకి రెండుసార్లు కిటికీలు బార్లా తీసి ఐదు నిమిషాలు ఉంచాల్సిందే.

స్టేషన్ దగ్గర కూర్చునేవాళ్ళ గురించి. వాళ్ళు జబ్బుపడినవాళ్ళు అండి, వాళ్ళ అవస్థలో వాళ్ళుంటారు, మీ జోలికి రారు. చిల్లర అడిగితే తల అడ్డంగా ఊపి నడిచిపోండి. రైఖెన్‌బెర్గర్‌స్ట్రాసలో వాళ్ళకోసం సహాయ కేంద్రం కూడా ఉంది. ఎవరైనా కదలకుండా పడి ఉంటే మాత్రం 112కి ఫోన్ చెయ్యండి, సాయం చెయ్యగలిగుండి చెయ్యకపోవడం ఇక్కడ చట్టప్రకారం నేరం, చట్టం లేకపోయినా చెయ్యాల్సిందే. అసలు జాగ్రత్త పడాల్సింది జేబుదొంగల విషయంలో. యూ8 మెట్రో లైను ప్లాట్‌ఫాం మీద ఫోన్ చేతిలో పట్టుకుని మ్యాప్ చూస్తూ నిలబడొద్దు, ఎటు వెళ్ళాలో రైల్లోనే చూసుకుని దిగండి. స్టేషన్‌కి బయటికొచ్చే దారులు చాలా ఉన్నాయి, పగటిపూట ఒకసారి అన్నీ ఎక్కి దిగి మీ వీధికి దగ్గరగా, షాపుల వెలుగు ఉన్న దారేదో చూసి పెట్టుకోండి, రాత్రి ఎప్పుడూ అదే దారి. 2023 ఫిబ్రవరి నుంచి స్టేషన్ పక్కనున్న పెద్ద బిల్డింగ్‌లో, అడాల్బర్ట్‌స్ట్రాస మీదుగా వెళ్ళే భాగంలో పోలీసు ఔట్‌పోస్ట్ ఉంది. గోర్లిట్సర్ పార్కు గుండా మాత్రం చీకటి పడ్డాక అడ్డదారి పట్టొద్దు, చుట్టూ తిరిగి వెళ్ళండి. ఈ ఒక్క మాట నేను అందరికీ గట్టిగా చెప్తాను.

ఇక మనుషులు తెలియకపోవడం. మీరు రాసినదాంట్లో నాకు బాగా బాధనిపించింది అదే. ఒక పని చెప్తా, మీ డోర్‌బెల్ మీదా పోస్టు డబ్బా మీదా ఎవరి పేరుంది? ఇక్కడ ఫ్లాట్ నంబర్లుండవు, పేరే అడ్రసు. మన ఆడవాళ్ళకి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది చాలామందికి, బెల్ మీద భర్త ఇంటిపేరు ఒక్కటే రాసి ఉంటే ఆవిడకొచ్చే బ్యాంకు ఉత్తరం, వీసా ఆఫీసు ఉత్తరం అన్నీ తిరిగిపోతాయి. రెండు పేర్లూ పెట్టించండి. పేరుందంటే పార్సిల్ అబ్బాయి మీ ఇంటి గంట కొడతాడు, మీరు ఇంట్లోనే ఉంటారు కాబట్టి పై అంతస్తువాళ్ళ పార్సిల్ కూడా మీకే ఇచ్చిపోతాడు, సాయంత్రం వాళ్ళు తీసుకోవడానికి మీ గుమ్మం దగ్గరికొస్తారు. మా బిల్డింగ్‌లో నాకు మనుషులు పరిచయమైంది ఇలాగే. మూడో అంతస్తు టర్కీ పెద్దావిడ మొదట్లో "డాంక" (థాంక్స్) అని పార్సిల్ తీసుకుని వెళ్ళిపోయేది, తర్వాత ఒకరోజు ఖాళీ చేతులతో రాకుండా ఉల్లికాడలూ చీజూ పెట్టి కాల్చిన రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చింది, ఆ గుడ్డ ఇచ్చేటప్పుడు నేను పులిహోర పెట్టి ఇచ్చా, ఇప్పుడు మా ఇంటి తాళం ఒకటి వాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఆవిడ భర్త టర్కీ నుంచి ఇక్కడ పని చెయ్యడానికి వచ్చింది 1960ల్లో. 1961లో పశ్చిమ జర్మనీ, టర్కీల మధ్య కార్మికుల ఒప్పందం జరిగింది, అదే ఏడాది బెర్లిన్ గోడ లేచింది, క్రాయ్జ్‌బర్గ్‌లోని ఈ భాగానికి మూడు వైపులా గోడే. ఎవరూ ఉండటానికి ఇష్టపడని మూల కాబట్టి అద్దెలు తక్కువ, అందుకే దూరం నుంచి వచ్చినవాళ్ళంతా ఇక్కడ చేరారు. 1989లో గోడ పోయేసరికి అదే మూల నగరం నడిబొడ్డు అయిపోయింది. 2012లో అద్దెలు భరించలేక ఇక్కడి కుటుంబాలు కొట్‌బుసర్ టోర్ దగ్గర చెక్కలతో గుడిసె కట్టుకుని నిరసనకి కూర్చున్నాయి. ఈ వీధిలో మీకు అరుపులే వినిపిస్తున్నాయి కానీ, ఈ వీధిని వదలకూడదని పోట్లాడిన కుటుంబాలు మీ పై అంతస్తులోనే ఉండొచ్చు.

తెనాలి నుంచి:

నేను వేరే మాట చెప్తాను, హన్మకొండ గారు ఏమీ అనుకోవద్దు.

మేము రాయిటర్‌స్ట్రాసలో ఉండేవాళ్ళం, అంటే కాలువకి అవతల, పాప పుట్టాక ఊరికి ఉత్తరాన ఉన్న పాంకో మారాం. మారినందుకు సంతోషంగా ఉన్నాం. ఏరియా చెడ్డదని కాదు. పాపని తోపుడు బండిలో పెట్టుకుని పేవ్‌మెంట్ మీద ఆదివారం పొద్దున నడవడమంటే పగిలిన సీసాల మధ్య దారి వెతుక్కోవడమే, లిఫ్టు లేని ఇంట్లో ఆ బండిని ఎక్కించి దించడం మా ఆవిడ వల్ల కాలేదు. ఇద్దరే ఉంటే ఒక రకం, పిల్లలుంటే ఇంకో రకం, పెద్దవాళ్ళుంటే మరో రకం. మామగారికి మోకాళ్ళు ఎలా ఉన్నాయో ముందు ఆలోచించండి, మీది రెండో అంతస్తు కదా.

మారాలనుకుంటే తొందరపడి ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పకండి. ముందు కాంట్రాక్టు చూడండి, మొదటి ఏడాదో రెండేళ్ళో ఖాళీ చెయ్యకూడదన్న షరతు చాలావాటిలో ఉంటుంది. అది లేకపోతే మూడు నెలల నోటీసు, నెలలో మూడో పనిదినం లోపు వాళ్ళకి అందితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది, ఈమెయిల్ చెల్లదు, కాగితం మీద ఇద్దరి సంతకాలతో పంపాలి. ఇంకో ఇల్లు చేతికి రాకుండా ఇది మాత్రం చెయ్యొద్దు, బెర్లిన్‌లో ఇల్లు దొరకడం ఎంత కష్టమో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కొత్త ఇంటికి అడ్వాన్స్ మూడు నెలల అద్దె దాటి అడగకూడదు, అది కూడా హీటింగ్, నీళ్ళ ఖర్చులు కలపని అద్దె మీద లెక్క, మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. పాత ఇంటి అడ్వాన్స్ తిరిగి రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ఆ డబ్బుని లెక్కలో వేసుకోకండి.

ఒకవేళ పిల్లల ఆలోచన ఉంటే ఇది కూడా చెప్పాలి, 2018 నుంచి బెర్లిన్‌లో డే కేర్‌కి ఫీజు లేదు, భోజనానికి నెలకి 23 యూరోలు మాత్రం కట్టాలి. ఊరి నడిబొడ్డులోనైనా శివార్లలోనైనా అంతే. ఆ లెక్కన దూరం వెళ్తే ఖర్చు బాగా తగ్గుతుందని అనుకోవద్దు. మాకు తగ్గింది డబ్బు కాదు, మెట్ల బాధ, వీధిలో గాజు ముక్కల బాధ.

బ్రాడీపేట 4వ లైను:

బార్ గోల గురించి మాత్రం చెప్తాను, ఆ పని నేను చేసి చూశాను.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, ఆదివారాలూ సెలవు రోజులైతే రోజంతా, చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బంది కలిగే శబ్దం చెయ్యకూడదని బెర్లిన్ చట్టంలో ఉంది. మరోపక్క బార్లు ఇంతకి మూసెయ్యాలన్న నియమం ఈ ఊళ్ళో లేదు, పశ్చిమ బెర్లిన్‌లో 1949లోనే తీసేశారు. కాబట్టి బార్ తెరిచి ఉందన్న ఫిర్యాదుకి విలువ లేదు, లోపలి పాటలు మీ గోడల్లోంచి వినిపిస్తున్నాయా, బయట జనం గోలగా ఉందా అన్నదే లెక్క.

ఒక నోటు పుస్తకంలో తేదీ, టైము, ఎలాంటి శబ్దం, ఎంతసేపు అని రాస్తూ రండి. రెండు మూడు వారాలది చేతిలో ఉన్నాక ముందు సాయంత్రం ఆరింటికి, జనం లేనప్పుడు, బార్‌కి వెళ్ళి ఓనర్‌తో మాట్లాడండి. అర్ధరాత్రి కోపంగా వెళ్తే పని జరగదు. మా కింద బార్ ఆయన, పైన ఇల్లుందని తెలిసినా ఏ కిటికీ పడకగదో తెలియదన్నాడు, స్పీకర్ వేరే గోడకి మార్చాడు, సగం గోల పోయింది. మాటలతో అవ్వకపోతే జిల్లా ఆఫీసులో పర్యావరణ విభాగానికి ఆ పుస్తకం కాపీతో రాయాలి. అద్దెదారుల సంఘంలో సభ్యత్వం తీసుకోండి, కాంట్రాక్టు కాగితాలు కూడా చదివి చెప్తారు. శబ్దం సాకుతో మీ అంతట మీరు అద్దె తగ్గించి కట్టడం మాత్రం అస్సలు వద్దు, బకాయి కింద లెక్కేసి ఖాళీ చేయించే ప్రమాదం ఉంది. కింద బార్ ఉందని సంతకం పెట్టేటప్పుడే తెలిసుంటే అద్దె తగ్గించమని అడిగే హక్కు కూడా గట్టిగా నిలబడదు.

ఇంకొకటి, అదే చట్టం మనకీ వర్తిస్తుంది. ఆదివారం పొద్దున్నే దోశల పిండికి గ్రైండర్ వేసి గంటసేపు తిప్పితే కిందివాళ్ళు వచ్చి అడుగుతారు. శనివారం పగలే రుబ్బి పెట్టుకోండి.

లాసన్స్‌బే:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. మంచం నిన్ననే మార్చేశాం! గదిలో మంచం తప్ప ఇంకేం పట్టలేదు కానీ శుక్రవారం రాత్రి కూడా నిద్ర పట్టింది. బెల్ మీద చూస్తే మా ఆయన ఇంటిపేరు ఒక్కటే ఉంది, నాకు రావాల్సిన బ్యాంకు కార్డు ఇప్పటికీ ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది. కాంట్రాక్టులో ఏడాది షరతు ఉంది తెనాలి గారూ, కాబట్టి అక్టోబర్ దాకా ఇక్కడే.

మామగారికి మోకాళ్ళు బాగానే ఉన్నాయి, రోజూ బీచ్ రోడ్డు మీద నడుస్తారు. అత్తగారిదే బెంగ, రోజంతా ఇంట్లో కూర్చుంటే దిగులు పడిపోతారు. చౌరస్తా గారూ, పెద్దవాళ్ళకి ఆ చుట్టుపక్కల ఎక్కడెక్కడ బాగుంటుంది?

హన్మకొండ చౌరస్తా:

మంచి పని చేశారు. పెద్దవాళ్ళొచ్చాక పెరడు వైపు గది వాళ్ళకిచ్చేసి, మీరిద్దరూ వీధి వైపు సర్దుకోవాల్సి వస్తుంది, కాబట్టి ఆ రబ్బరు పట్టీల పని ఈ నెలలోనే పూర్తి చెయ్యండి.

మామగారికి నడక కాలువ గట్టు మీద. పొద్దున ఏడింటికి పౌల్ లింక ఊఫర్ వెంట చెట్ల కింద నడిస్తే, రాత్రి గోల చేసిన ఏరియా ఇదేనా అనిపిస్తుంది, ఉర్బన్ హాఫెన్ దగ్గర నీళ్ళలో హంసలుంటాయి. ఇంకా పెద్ద చోటు కావాలంటే యూ8 ఎక్కి బోడిన్‌స్ట్రాసలో దిగితే టెంపుల్‌హోఫర్ ఫెల్డ్. 2008లో మూసేసిన విమానాశ్రయాన్ని 2010లో జనానికి తెరిచారు, 300 ఎకరాలు కాదు, హెక్టార్లు! రన్‌వే మీద నడవొచ్చు. వైజాగ్‌లో సముద్రం పక్కన నడిచే అలవాటున్న మనిషికి ఆ గాలీ ఆ ఆకాశమూ తప్పకుండా నచ్చుతాయి.

అత్తగారిని మంగళవారం, శుక్రవారం మైబాఖ్ ఊఫర్ సంతకి తీసుకెళ్ళండి, ఆవిడ చేత్తోనే ఏరనివ్వండి. బెండకాయలు, వంకాయలు, పుదీనా, మన దగ్గరి కంటే మూడింతలుండే కొత్తిమీర కట్టలు. సాయంత్రం ఆరు దాటాక కొట్టువాళ్ళు ధరలు దించుతూ కేకలేస్తారు, బేరం తెలిసిన మనిషికి భాష అక్కర్లేదు. పెరుగు టర్కీ షాపుల్లో కిలో డబ్బాలుంటాయి, 10 శాతం వెన్న ఉన్నది తీసుకోండి, దాన్నే తోడుకి వాడొచ్చు. కరివేపాకు మాత్రం శ్రీలంక తమిళుల కొట్లలో చూసుకోవాలి. గుడికి వెళ్ళాలంటే యూ7 మీద బ్లాష్కోఆలే దగ్గర వాళ్ళదే మురుగన్ గుడి ఉంది, అక్కడ ఒకరిద్దరు పెద్దవాళ్ళు పరిచయమైతే ఆవిడకి కాలం ఇట్టే గడిచిపోతుంది.

వీసా ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులు చాలావరకు రావు, బీపీ, షుగర్ మందులు మూడు నెలలకి సరిపడా చీటీతో సహా తెచ్చుకోమనండి.

ఇక తేదీ చూసి ఆగాను: ఏప్రిల్ 30. మే 1న మన వీధుల్లో పెద్ద ఊరేగింపులు, 1987 నుంచీ ప్రతి ఏడాదీ ఆ రోజు పోలీసుల మోహరింపు ఉంటుంది, రోడ్లు మూసేస్తారు, కొన్ని గంటలు రైళ్ళు మన స్టేషన్‌లో ఆగకుండా వెళ్ళిపోవడం కూడా నేను చూశాను. ఇంట్లో ఉంటే భయం లేదు, పగలంతా తిరునాళ్ళలాగే ఉంటుంది కూడా. కానీ కొత్తగా దిగిన పెద్దవాళ్ళకి మొదటి రోజే అది వద్దు. టికెట్ రెండు మూడు రోజుల తర్వాతకి జరపగలిగితే జరపండి. కుదరకపోతే 30న వాళ్ళని తిన్నగా ఇంటికి తెచ్చేసి, పాలు, కూరలు ఆ సాయంత్రం లోపే కొనిపెట్టుకోండి, మర్నాడు సెలవు, సూపర్‌మార్కెట్లన్నీ మూత. మే 1 పొద్దున తొమ్మిదింటికల్లా బయల్దేరి టెంపుల్‌హోఫర్ ఫెల్డ్‌కి వెళ్ళి, మధ్యాహ్నం రెండు లోపు ఇంటికొచ్చేయండి.